చందా యాప్‌లో దించుకున్న పాటలు చందా ఆపేశాక ఉంటాయా?

ఉండవు, చందా గడువు ముగిస్తే అవి మోగవు, విడిగా డబ్బిచ్చి కొన్న ఫైలే మీ దగ్గర మిగులుతుంది. యాప్ దించేది తాళం వేసిన ఫైలు, తాళంచెవి మీ ఖాతాతో ముడిపడి ఉంటుంది. అందుకే స్పాటిఫై, చందా నడుస్తున్నా, కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కలపమంటుంది. ఐట్యూన్స్ స్టోర్‌లో కొనే పాటలకు 2009 నుంచి ఈ తాళం లేదు: అవి ఏఏసీ అనే ఫైలు రకంలో, 256 కేబీపీఎస్ నాణ్యతతో వస్తాయి, 5 నిమిషాల పాట సుమారు 10 ఎంబీ.

పలాస నుంచి విజయనగరం దాకా రైల్లో సిగ్నల్ లేకున్నా వినడానికి చందా డౌన్‌లోడ్ చాలు. అదే పాటను పెన్‌డ్రైవ్‌లో వేసి ఆటోలో పెడితే పలకదు. కొన్న ఫైలైతే పలుకుతుంది, కాకపోతే ఎంపీ3 మాత్రమే చదివే పాత ప్లేయర్లకు ముందు ఏఏసీని ఎంపీ3గా మార్చుకోవాలి.

ఫోన్ మెమరీ నిండింది కాబట్టి పాట మనదైపోయిందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు.