చేతిలో ఉన్న కాంట్రాక్టు ముగించాకే కొత్త సంతకం

"అన్నయ్యా, హెచ్‌4 ఈఏడీ మీద ఒక చిన్న కంపెనీకి 1099 పద్ధతిలో వెబ్‌సైట్ పని చేస్తున్నాను. ఇంకోచోట మంచి రేటు ఇస్తామంటున్నారు. సోమవారం నుంచి అక్కడ చేరిపోయి, ఇక్కడ మెల్లగా మానేస్తే సరిపోతుందా?" అని అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఒక చెల్లెలు అడిగింది. (హెచ్‌4 ఈఏడీ అంటే హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కొందరి జీవిత భాగస్వాములకు అక్కడ పని చేసేందుకు ఇచ్చే అనుమతి. 1099 అంటే ఉద్యోగిగా కాక స్వతంత్రంగా పని చేసేవాళ్లకు చెల్లించిన డబ్బు చూపే పన్ను ఫారం.)

సరిపోదమ్మా. ఫ్రీలాన్సర్‌కు ఒకేసారి ఇద్దరు క్లయింట్లు ఉండడం తప్పేమీ కాదు. కానీ కొత్తవాళ్లు ఇచ్చే అగ్రిమెంట్‌లో "ఈ పనికి అడ్డొచ్చే ఒప్పందం నాకు వేరే ఎవరితోనూ లేదు" అనే వాక్యం తరచుగా ఉంటుంది. పాత ఒప్పందం ఏం చెబుతోందో చూడకుండా దాని కింద సంతకం పెట్టకూడదు.

ముందు పాత అగ్రిమెంట్ తీసి "టెర్మినేషన్" భాగం చదువు. ఎన్నాళ్ల ముందు చెప్పాలో అక్కడుంటుంది. "నోటీసెస్" అని ఇంకో పేరా ఉంటే అదీ చూడు, నోటీసు ఎవరికి, ఎలా పంపాలో అందులో రాస్తారు. మనవాళ్లు చాలామంది మేనేజరుకు వాట్సాప్‌లో ఓ మాట చెప్పి ఊరుకుంటారు. రేపు ఆ మేనేజరే వెళ్లిపోతే, నువ్వు చెప్పావనడానికి రుజువేది? మెయిల్ పెట్టు. ఫలానా తేదీ అగ్రిమెంట్, ఫలానా సెక్షన్ ప్రకారం నోటీసు ఇస్తున్నాను, ఆఖరి పనిరోజు ఇది, ఆలోపు ఇవి పూర్తి చేస్తాను, చివరి ఇన్‌వాయిస్ ఈ రోజు పంపుతాను. ఇంతే చాలు. కొత్త క్లయింట్ పేరు రాయొద్దు.

వాళ్ల డొమైన్ గానీ హోస్టింగ్ గానీ నీ కార్డు మీద కొన్నావా? అది వాళ్ల పేరుకు మార్చి మరీ బయటపడు. ఏడాది తర్వాత ఆటో రెన్యూవల్ నీ కార్డుకు పడుతుంది, లేదా కార్డు మారి సైట్ ఆగిపోయి ఫోన్ నీకే వస్తుంది. పాస్‌వర్డులు అప్పగించాక "అందాయి" అని వాళ్లచేత మెయిల్‌లో రాయించుకో.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇంకోచోట. వెండర్ (మధ్యవర్తి కంపెనీ) ద్వారా పని చేస్తున్నప్పుడు ఎండ్ క్లయింటే, అంటే అసలు పని చేయించుకునేవాడే, "నేరుగా మాతో రా" అంటాడు. రేటు పెరుగుతుంది, మనసు లాగుతుంది. అయితే వెండర్ అగ్రిమెంట్‌లో, కాంట్రాక్టు ముగిశాక ఇన్ని నెలలు ఆ క్లయింట్‌తో నేరుగా పని చేయకూడదన్న షరతు ఉండొచ్చు. పోటీ కంపెనీలో పని చేయొద్దనే షరతులు కాలిఫోర్నియాలో సాధారణంగా చెల్లవు. అక్కడి స్నేహితుడు చెప్పిన ధైర్యంతో నువ్వు న్యూజెర్సీలో అడుగేయొద్దు. ఒక లాయరుకు గంట ఫీజు కట్టి ఆ కాగితం చూపించు, ఆ డబ్బు వృథా కాదు. వెండర్ ఒప్పుకుంటే ఆ ఒప్పుదల రాతలో తీసుకో.

ఇక డబ్బు. ఆఖరి ఇన్‌వాయిస్‌లో పని చేసిన తేదీలు, గంటలు, చెల్లించాల్సిన గడువు స్పష్టంగా రాయి. మీ క్లయింట్ న్యూయార్క్ సిటీలో ఉంటే అక్కడ 2017 నుంచి ఫ్రీలాన్సర్ల చట్టం ఉంది: 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, గడువు రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోపు చెల్లించాలి. 2024 ఆగస్టు 28 నుంచి న్యూయార్క్ రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టమే వచ్చింది.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఇదంతా తమకూ వర్తిస్తుందనుకోవద్దు. స్పాన్సర్ చేసిన కంపెనీని కాదని బయట 1099 మీద పని చేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు.

వచ్చిన చివరి చెల్లింపులో కొంత పన్నుకు పక్కన పెట్టమ్మా. 1099 మీద ఎవరూ ముందే పన్ను పట్టుకోరు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సే 15.3 శాతం, ఇన్‌కం టాక్స్ దానికి అదనం. పాత క్లయింట్ జనవరి 31లోపు పంపాల్సిన 1099 ఫారం కోసం, ఇల్లు మారితే కొత్త అడ్రసు వాళ్లకు తెలియజేయి. ఫారం రాకపోయినా ఆ ఆదాయం రిటర్న్‌లో చూపాల్సిందే.