అల్ఫ్రెడో బిందా పట్టికలో 1930 జిరో గడి ఎందుకు ఖాళీ?

ఇటలీ సైకిల్ పందెగాడు బిందా ఫలితాల పట్టిక నింపుతున్న మీకు 1930 జిరో ది ఇటాలియా (ఇటలీలో అంచెలుగా జరిగే సైకిల్ పందెం) ఫలితం దొరకకపోవడానికి కారణం గాయం కాదు, ఆయన అసలు దిగనే లేదు. 1927లో 15 అంచెల్లో 12, 1929లో వరసగా 8 గెలిచేసరికి పోటీలో పస పోయింది. అందుకే 1930లో దిగకుండా నిర్వాహకులే 22,500 లీరాలు (అప్పటి ఇటలీ డబ్బు) ఇచ్చి ఆపారు.

1. ఆ గడిలో "పాల్గొనలేదు" అని రాయండి.

2. "మధ్యలో విరమణ" అదే ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌కి (ఫ్రాన్స్‌లో అలాంటి పందెం) పడాలి. పో, లుషాన్ ఊళ్లలో ముగిసిన 2 అంచెలు వరసగా గెలిచాకే తప్పుకున్నారు.

3. అందరూ తప్పేది ఇక్కడే: ఆ టూర్‌కి జట్టు "లెన్యానో" (ఆయన సైకిల్ కంపెనీ జట్టు) అని పెట్టకండి. 1930లో కంపెనీ జట్లు తీసేసి దేశాల జట్లు పెట్టారు. సైకిళ్లు కూడా నిర్వాహకులిచ్చినవే: పసుపు రంగు, కంపెనీ పేరు ఉండేది కాదు. కాబట్టి "ఇటలీ".

4. అదే ఏడాది బెల్జియంలోని లియేజ్‌లో గెలిచిన ప్రపంచ పోటీకీ జట్టు ఇటలీయే.

పట్టికలో ఆయన గెలిచిన జిరోలు 5 రావాలి: 1925, 1927, 1928, 1929, 1933.