బైపాస్ అయ్యాక నిద్ర పట్టకపోతే

గుండెకి బైపాస్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన తమ నాన్నగారికి రాత్రిళ్లు కునుకు లేదు, నిద్రమాత్ర వేయొచ్చా అని ఒకరు అడిగారు. డాక్టరు చెప్పకుండా వద్దేవద్దు. ముందు పడక, మందుల వేళలు, పరామర్శకొచ్చే చుట్టాలు, ఈ మూడూ చూడండి.

మా నాన్నకీ ఇదే ఆపరేషన్ అయింది. ఆయనకి జన్మంతా పక్కకు తిరిగి పడుకునే అలవాటు. కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగతో కట్టి పంపుతారు, అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అందాకా వెల్లకిలానే పడుకోమన్నారు, ఆయనకేమో అలా నిద్ర రాదు. ఒకరాత్రి మంచం ఖాళీగా ఉంటే కంగారుగా బయటికొచ్చాను. నాన్న వసారాలో, తాతయ్యగారి పడక్కుర్చీలో, దగ్గొస్తే గుండెకు హత్తుకోమని ఆసుపత్రిలో ఇచ్చిన దిండు పట్టుకుని గురక పెడుతున్నారు! మర్నాడే అమ్మ మంచం తలవైపు బాలీసులు, మడతపెట్టిన బొంత వేసి ఏటవాలుగా చేసింది. మోకాళ్ల కింద ఇంకో దిండు. ఆ రాత్రి నుంచే కుదురుకున్నారు.

కాళ్ల వాపుకి నీళ్ల మాత్ర రాసుంటే అది ఏ వేళకి వేస్తున్నారో చూడండి. సాయంత్రం పడితే రాత్రంతా బాత్రూమ్‌కి లేవడమే. డాక్టరుని అడిగి మధ్యాహ్నానికి మార్పించుకున్నాం. నొప్పి మాత్ర మాత్రం పడుకునే ముందే, రాసిచ్చినట్టే వేయండి. "కిడ్నీలు పోతాయి, మానేయ్" అనే పక్కింటి వైద్యులు ప్రతి వీధిలోనూ ఉంటారు. నొప్పితో నిద్రెలా వస్తుంది?

పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతుంటే అది నిద్ర సమస్య కాదు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఐసీయూలో రాత్రీ పగలూ ఒకటే లైట్లు, మానిటర్ల మోత. ఇంటికొచ్చాకైనా పొద్దున ఎండలో కూర్చోబెట్టి, నాలుగడుగులు నడిపించి, పగటి నిద్ర అరగంటకి మించనివ్వకపోతే రాత్రి నిద్ర దారికొస్తుంది. కానీ మన పరామర్శలు సాగనిస్తేగా! ఒకాయన రాత్రి తొమ్మిదింటికి వచ్చి, ఇదే ఆపరేషన్ అయిన వాళ్ల బావమరిది నిద్రలోనే ఎలా పోయాడో వివరంగా చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. ఆ రాత్రి నాన్న కళ్లు మూయడానికే భయపడ్డారు. ప్రేమ ఉంటే ఫోన్‌లో అడగొచ్చు, పళ్లు గుమ్మంలో ఇచ్చి వెళ్లొచ్చు. మా అమ్మ మర్నాటి నుంచి ఏడింటికల్లా గేటుకి తాళం వేసేసింది, ఎవరేమనుకున్నా సరే. మీ ఇంట్లో ఆ తాళం వేసే మనిషి ఎవరో ఇవాళే తేల్చుకోండి.