కల్లు మంచిదెక్కడ?

ప్రశ్న: నలుగురం ఫ్రెండ్స్ ఆదివారం పొద్దున రైల్లో వరంగల్ వచ్చి రాత్రికి హైదరాబాద్ వెళ్లిపోతాం. వేయిస్తంభాల గుడి, కోట చూశాక అసలైన కల్లు ఎక్కడ దొరుకుతుంది? బార్లు వద్దు.

జవాబు: సిటీలో వెతక్కండి. ఏడాది పొడవునా ఒకే రుచితో సీసాల్లో దొరికేదాన్ని నేనైతే నమ్మను, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు తాగి జనం ఆసుపత్రి పాలైన సంగతులు పేపర్లలో చదివే ఉంటారు. ఆటో మాట్లాడుకుని నర్సంపేట రోడ్డో ములుగు రోడ్డో పట్టుకుని ఊరు దాటండి, తాటిచెట్లు కనిపించినచోట దిగి మండువా (కల్లు అమ్మే చోటు) ఎక్కడని అడగండి, ఎవరైనా చెప్తారు. చలికాలమైతే ఈత కల్లు, ఎండలు ముదిరే రోజులైతే తాటి కల్లు. పొద్దున గీసింది మధ్యాహ్నానికి పులిసిపోతుంది కాబట్టి సాయంత్రం కల్లు గీసే గౌడన్న ముస్తాదుతో (గీత సామానుతో) చెట్టెక్కే వేళకి చేరుకోండి. లొట్టి (కల్లు కుండ) దించి, తేలుతున్న తేనెటీగల్ని గుడ్డలో వడగట్టి, తాటాకు రేకలో పోస్తాడు. ఈగ చూసి మొహం తిప్పుకోకండి, మందు కలపలేదనడానికి నాకదే ధైర్యం! పక్కన గుడాలు (ఉడికించిన గింజలు) దొరికితే వదలొద్దు. తిరుగు రైలు టైమ్ మాత్రం ఆటో ఆయనకి ముందే చెప్పి పెట్టండి.