పక్కనే కొత్త టైంషేర్ టవర్ కడుతున్న రిసార్టులో అమ్మానాన్నలతో దిగవచ్చా?

మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలు ఉన్నాయండీ. మార్చిలో పిల్లల సెలవులకు, ఊరి నుంచి వచ్చే మీ అమ్మానాన్నలను కూడా తీసుకుని ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్దామనుకున్నారు. అక్కడి డిస్నీ పార్కు మేజిక్ కింగ్‌డమ్‌కు దగ్గర్లో గది తీసుకున్నాక, ఆ ఆవరణలోనే కొత్త టైంషేర్ భవనం (ఏటా కొన్ని రోజులు ఉండే హక్కును వాటాలుగా అమ్మేది) కడుతున్నామని, పగలు శబ్దం ఉంటుందని హోటలు నుంచి సందేశం వచ్చింది. గది రద్దు చేసుకోవాలా అన్నది మొదటిది. అక్కడి అమ్మకాల వాళ్లు గంటన్నర కూర్చుని వింటే బహుమతి కార్డు ఇస్తామన్నారు, ఆ కొత్త భవనంలో వాటా కొనడం హెచ్1బీ మీద ఉన్న మనలాంటి వాళ్లకు మంచిదేనా అన్నది రెండోది. ఈ రెండూ మా ఇంట్లో జరిగినవే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గది సంగతి ముందు. మీరూ పిల్లలూ మాత్రమే అయితే నిశ్చింతగా వెళ్లండి అనేవాడిని. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ఆలోచించాలి.

మేము అట్లాంటాలో ఉంటాం. కొన్నేళ్ల క్రితం అమ్మా నాన్నగారూ వచ్చినప్పుడు కారులో వెళ్లి ఓర్లాండోలోని ఒక పెద్ద రిసార్టులో నాలుగు రాత్రులు ఉన్నాం. అక్కడ కూడా అప్పుడు టైంషేర్ భవనం లేస్తోంది. పని ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకే, రాత్రి నిద్రకు ఏ ఇబ్బందీ ఉండదని చెప్పారు. చెప్పినట్టే రాత్రి ఏ ఇబ్బందీ లేదు. అయితే మన పెద్దవాళ్ల దినచర్య వేరు కదా. నాన్నగారు తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. పార్కు తెరిచే వేళకు వెళ్లడం, ఎండ ముదిరేసరికి గదికి తిరిగివచ్చి ఇంత పెరుగన్నం తిని రెండు గంటలు నడుం వాల్చడం, సాయంత్రం బాణసంచా చూడడానికి మళ్లీ బయల్దేరడం, ఇదీ మేము వేసుకున్న పథకం. డెబ్బై దాటినవాళ్లతో అంతకంటే ఎక్కువ తిరగలేం. వాళ్లు పడుకోవలసిన ఆ రెండు గంటలే అవతల పని జోరుగా సాగే వేళ. పునాది స్తంభాలను నేలలోకి దించే పైలింగ్ దెబ్బ పడినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా అదిరేది. లారీ వెనక్కి వచ్చిన ప్రతిసారీ బీప్ బీప్ మోత. బాల్కనీ కుర్చీ మీద సిమెంటు దుమ్ము ఉంటే అమ్మ కొంగుతో తుడిచి కూర్చుంది. కాఫీ తాగి లేచేసరికి పక్క కుర్చీ మీద మళ్లీ అదే తెల్లటి పొర.

శబ్దం కంటే ఎక్కువ బాధపెట్టింది నడక. మా భవనం నుంచి బస్సు ఆగే చోటుకు మామూలుగా ఉండే దారి మూసేసి, అడ్డంగా కొబ్బరిచెట్లు, సముద్రం బొమ్మలు వేసిన చెక్క గోడ కట్టారు. చుట్టూ తిరిగి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఉదయం పోవడం పర్వాలేదు, రాత్రి పదింటికి ఆ చుట్టుదారిలో తిరిగి రావడం నరకం. దగ్గరి ఈతకొలను కూడా మూసే ఉంది. అద్దె మాత్రం తగ్గలేదు. రెండో రోజు వెళ్లి నెమ్మదిగా చెబితే అవతలి వైపు గదికి మార్చారు, డబ్బు అడగలేదు. ముందే అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, అందుకు ఇప్పటికీ బాధపడతాను. అంత దూరం దేశం దాటి వచ్చిన నాన్నగారు రెండు మధ్యాహ్నాలు చెవులకు తువ్వాలు చుట్టుకుని పడుకున్నారు.

అందుకని మీరు ఇప్పుడే హోటలుకు ఫోన్ చేయండి. మార్చి నాటికి పని ఏ దశలో ఉంటుందో అడగండి, అన్నిటికంటే అదే ముఖ్యం. ఫ్లోరిడా నేల ఇసుక, కొద్దిగా తవ్వితే నీళ్లు. మేజిక్ కింగ్‌డమ్‌నే చూడండి. సిబ్బంది తిరిగే సొరంగాలను నేల మట్టంలో కట్టి, ఎదుటి సెవెన్ సీస్ లగూన్ తవ్విన మట్టిని చుట్టూ పోసి, మనం నడిచే వీధులను వాటి పైన వేశారు. అలాంటి చోట పెద్ద టవర్ లేపాలంటే పునాదుల దగ్గరే ఎక్కువ శ్రమ, ఎక్కువ మోత. ఆ నెలల్లో అయితే వద్దు. శ్లాబులు పూర్తయి కిటికీ అద్దాలు బిగించేశారంటే మిగిలినది లోపలి పని, మీకు పెద్దగా తెలియదు, రద్దు చేసుకోనక్కరలేదు. ఏ ఈతకొలను మూసి ఉంటుందో, బస్సుకు గానీ పడవకు గానీ మోనోరైలుకు గానీ నడిచే దారి మారిందో లేదో కూడా అడగండి. గది పని జరిగే వైపు కాకుండా ఉండాలని కోరి, ఆ మాట మీ బుకింగ్‌లో రాయించండి. చెక్-ఇన్ వేళ నోటితో అడిగితే ఆ రోజు ఖాళీ ఉంటేనే ఇవ్వగలరు.

ఇక రెండోది. ఇది ఎక్కువ జాగ్రత్త అవసరమైన విషయం.

హోటళ్లు తమ ఆవరణల్లోనే టైంషేర్ ఎందుకు కడుతున్నాయో ముందు తెలుసుకుంటే, అమ్మకాల బల్ల ముందు కూర్చున్నప్పుడు తొట్రుపడరు. మామూలు హోటలు కడితే పెట్టుబడి గది అద్దెల రూపంలో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తిరిగివస్తుంది. టైంషేర్ అయితే వాటాలు అమ్ముడైన కొద్దీ డబ్బు ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత రంగులు, పరుపులు, లిఫ్టు మరమ్మతులు, ఆస్తి పన్ను అన్నిటికీ సభ్యులే ఏటా నిర్వహణ రుసుము కడతారు. కొన్నవాళ్లు ఏటా వస్తారు, వచ్చినప్పుడల్లా పార్కు టికెట్లు కొంటారు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇంత చక్కని ఏర్పాటు మరొకటి ఉండదు.

డిస్నీ ఈ దారి పట్టింది 1991లో. ఇప్పుడు ఓల్డ్ కీ వెస్ట్ అని పిలిచే రిసార్టు ఆ ఏడాది డిసెంబరులో తెరిచారు. మొదట్లో విడిగా కట్టేవారు, రానురాను పేరున్న పాత హోటళ్ల ఒడిలోకే వచ్చారు. 1971లో పార్కుతో పాటు తెరిచిన కాంటెంపరరీ హోటలుకు పక్కన నార్త్ గార్డెన్ వింగ్ అని తక్కువ ఎత్తు భవనం ఉండేది. దాన్ని కూల్చి, అదే చోట 2009లో బే లేక్ టవర్ తెరిచారు. పాలినేషియన్ అనే మరో పాత హోటలులో 2015లో సరస్సు నీటి మీదే ఇరవై బంగళాలు కట్టారు. ఒడ్డున ఇసుకలో కూర్చుని అవతలి మేజిక్ కింగ్‌డమ్ కోటను చూసే పాత అతిథులకు ఆ దృశ్యానికి అవి అడ్డొచ్చాయి, ఆ బాధ ఇప్పటికీ చాలామంది చెబుతారు. అక్కడే విందు ప్రదర్శన జరిగే పాత చోటును తీసేసి కట్టిన ఐలాండ్ టవర్ 2024 డిసెంబరులో తెరుచుకుంది. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ హోటలు పక్కన టైంషేర్ టవర్ 2023 సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడు బే లేక్ ఒడ్డున లేక్‌షోర్ లాడ్జ్ కడుతున్నారు, 2027లో తెరుస్తామని ప్రకటించారు. కొన్నిచోట్ల కొత్త ఇటుక పెట్టకుండానే విస్తరించారు. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో ఉన్న హోటలు భవనాన్నే 2022లో టైంషేర్ గదులుగా మార్చేశారు. అంటే ఈ పని ఒక చోట ఆగితే మరో చోట మొదలవుతుంది. కొనకపోతే అవకాశం పోతుందనే తొందర మీకు అక్కరలేదు.

కొన్నదేమిటో స్పష్టంగా తెలుసుకోండి. డిస్నీ పద్ధతిలో మీకు వచ్చేది గడువున్న హక్కు, గది తీసుకోవడానికి వాడుకునే పాయింట్లు ఏటా కొన్ని. ఏ రిసార్టులో కొన్నారో అక్కడ 11 నెలల ముందు గది తీసుకోవచ్చు, మిగతా చోట్ల 7 నెలల ముందు. వాడని పాయింట్లను గడువు లోపల చెబితే తర్వాతి ఏడాదికి దాచుకోవచ్చు. గడువు భవనానిది, మీది కాదు. బే లేక్ టవర్ ఒప్పందాలు 2060లో ముగుస్తాయి. 2009లో కొన్నవారికి అర్ధ శతాబ్దం దొరికింది, 2025లో కొన్నవారికి 35 ఏళ్లే. పాలినేషియన్‌ది 2066 వరకు. తేదీ రాగానే హక్కు తిరిగి కంపెనీకి పోతుంది, పిల్లలకు ఇల్లు ఇచ్చినట్టు ఇచ్చేది ఏమీ మిగలదు. అమ్మకాల గదిలో 'ఆస్తి', 'వారసత్వం' అనే మాటలు వినిపిస్తే ఈ తేదీ గుర్తు చేసుకోండి.

లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు పాయింటు 200 డాలర్ల చొప్పున 150 పాయింట్లు తీసుకుంటే 30,000 డాలర్లు. పాయింటుకు ఏటా 8 డాలర్ల నిర్వహణ అనుకుంటే మరో 1,200. ఈ రెండో అంకె ఏటా పెరుగుతుంది, మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. రేపు వీసా చిక్కులు వచ్చి హైదరాబాదు తిరిగి వెళ్లిపోయినా డాలర్లలోనే కట్టాలి. నా వరకు హెచ్1బీ కుటుంబం కొత్త భవనంలో నేరుగా కొనకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. గ్రీన్‌కార్డు వరుసలో ఎన్నేళ్లు నిలబడాలో తెలియని వాళ్లం, 2060 దాకా బాకీ పడడమేమిటి? అప్పు తీసుకుని కొనడం అసలే వద్దు, ఆ వడ్డీలు ఇంటి అప్పు వడ్డీల్లా ఉండవు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. తొంభైల చివర్లో నాన్నగారు మన దేశంలోనే ఒక హాలిడే క్లబ్బులో సభ్యత్వం తీసుకున్నారు. ప్రావిడెంట్ ఫండు నుంచి తీసిన డబ్బు అది. హోటలులో భోజనం పెట్టి, రంగుల పుస్తకం చూపించి, ఆ రోజే సంతకం చేస్తే తగ్గింపు అన్నారు. కొండ ప్రాంతంలో కడుతున్న రిసార్టు పూర్తికాలేదు, క్లబ్బు మూతపడింది. ఆ నీలం ఫైలు ఇప్పటికీ బీరువాలో పెళ్లి ఫొటోల కింద ఉంది. అమ్మ ఒక్కసారి కూడా దెప్పలేదు. అందుకే అమెరికాలో అలాంటి బల్ల ముందే నన్ను కూర్చోబెట్టినప్పుడు, పక్కనున్న నాన్నగారు తెలుగులో మెల్లగా "ఇవాళ సంతకం పెట్టకు" అన్నారు. పెట్టలేదు.

ఒకవేళ మీరు పొరపాటున పెట్టినా దారి ఉంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం కొనుగోలుదారుకు 10 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. సంతకం చేసిన రోజు, చివరి పత్రాలు అందిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే అక్కడి నుంచి లెక్క. ఆ హక్కు వదులుకున్నట్టు ఎవరైనా రాయించుకున్నా చెల్లదు. కాలిఫోర్నియాలో 7 రోజులు. రద్దు మాత్రం ఫోనులో చెప్పవద్దు, ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకు రాతపూర్వకంగా పంపి రసీదు దాచుకోండి.

గ్రీన్‌కార్డు వచ్చి, ఏటా వెళ్లే అలవాటు నిజంగా ఉంటే పాత సభ్యుల దగ్గర కొనడం చవక. దానికీ ఒక మెలిక ఉంది. 2019 జనవరి 19 నుంచి అలా చేతులు మారిన పాత రిసార్టుల పాయింట్లు రివియెరా లాంటి కొత్త రిసార్టుల్లో చెల్లవు. ఐలాండ్ టవర్‌ను పాత పాలినేషియన్ సభ్యుల సంఘంలోనే కలిపారు కాబట్టి అక్కడి పాత పాయింట్లు టవర్‌లోనూ పనికొస్తాయి. కొత్త భవనం పాత సంఘంలో చేరుతుందా, విడిగా ఉంటుందా అన్నది కొనేముందు తప్పక అడగవలసిన మాట.

మీ అసలు అవసరానికి నా సలహా ఇంతకంటే సులువు. కొనకుండా, సభ్యుల పాయింట్లను ఒక్కసారికి అద్దెకు తీసుకోండి. మేము రెండోసారి అమ్మావాళ్లతో వెళ్లినప్పుడు అలాగే ఒక పడకగది విల్లా తీసుకున్నాం, హోటలు అడిగే ధర కంటే బాగా తక్కువకు వచ్చింది. స్టూడియో తీసుకోవద్దు, అందులో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉంటాయి. ఒక పడకగది విల్లాలో పొయ్యితో సహా పూర్తి వంటగది, బట్టలు ఉతికే యంత్రం ఉంటాయి. మొదటి రోజు రాత్రే అమ్మ టమాటా పప్పు పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన నెయ్యి వేసి అందరికీ వడ్డించింది. మర్నాడు ఉదయం పులిహోర డబ్బాలతో పార్కుకు వెళ్లాం. డిస్నీ పార్కుల్లోకి సొంత తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. మధ్యాహ్నం నాన్నగారు తలుపు వేసుకుని హాయిగా రెండు గంటలు నిద్రపోయారు.

అద్దెకు తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఈ ఒప్పందాల్లో సాధారణంగా డబ్బు వెనక్కి ఇవ్వరు. మీ అమ్మానాన్నల వీసా ఇంటర్వ్యూ ఇంకా కాలేదని రాశారు కాబట్టి, పాస్‌పోర్టులు స్టాంపింగ్ అయి చేతికి వచ్చేదాకా కట్టకండి. అప్పటిదాకా, మీ చేతిలో ఉన్న హోటలు బుకింగ్‌ను ఉచితంగా రద్దు చేసుకునే ఆఖరి తేదీ ఏదో చూసి, దాన్ని అలాగే ఉంచండి.