చేప ముళ్ల హైడ్రాక్సీ అపటైట్‌పై కణాలు చనిపోతే అది విషపదార్థమేనా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చేప ముళ్లను 900 డిగ్రీల దగ్గర కాల్చి హైడ్రాక్సీ అపటైట్ (ఎముకల్లో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం) తీశాం. బతికున్న కణాలను రంగుతో కొలిచే ఎంటీటీ పరీక్షలో 40 శాతం కణాలే బతికాయి. ఈ పదార్థాన్ని వదిలేయాలా?

జవాబు: వదిలేయకండి. ముందు సున్నం ఉందేమో చూడండి. ముళ్లలోని కార్బొనేట్ ఆ వేడికి కాల్షియం ఆక్సైడ్ అవుతుంది, తడి తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ అయి, కణాలు పెరిగే ద్రవమైన మీడియం పీహెచ్‌ను పెంచేస్తుంది. కణాలను చంపేది అదే కావచ్చు, అపటైట్ కాదు.

1 గ్రాము గుండను 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా ఉంచి పీహెచ్ కొలవండి. 9 దాటితే సున్నం ఉన్నట్టే. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) ఆక్సైడ్ గీత 37.4 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన తీరపు చెమ్మలో సీసా మూత సరిగా లేకపోతే అది హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది కాబట్టి 18 డిగ్రీల దగ్గర కూడా వెతకండి. 34 దగ్గర చూసి లాభం లేదు, అక్కడ అపటైట్‌ గీత కూడా ఉంటుంది. సున్నం తేలితే, కడిగిన నీటి పీహెచ్ 7.5 దగ్గర నిలిచే దాకా గుండను మళ్లీ మళ్లీ కడిగి, ఆరబెట్టి, అప్పుడు బిళ్లలు నొక్కండి. ఎక్స్‌ట్రాక్ట్‌లో (పదార్థాన్ని నానబెట్టి తీసిన మీడియం) ఆమ్లం చుక్కలు వేసి సరిచేయడం మాత్రం వద్దు. అలా చేస్తే మీరు పరీక్షిస్తున్నది మీ పదార్థాన్ని కాదు.

ఎక్స్‌ట్రాక్ట్ కొలత వైద్య పరికరాల పరీక్షకు నమూనా తయారీ ప్రమాణమైన ఐఎస్‌ఓ 10993-12 ప్రకారం గుండకైతే మిల్లీలీటరుకు 0.2 గ్రాములు, అర మిల్లీమీటరుకు మించి మందమున్న బిళ్లకైతే మిల్లీలీటరుకు 3 చదరపు సెంటీమీటర్లు. సన్న గుండ మీడియాన్ని పీల్చేస్తుంది. ఎంత పీల్చిందో విడిగా కొలిచి అంత అదనంగా పోయండి. 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచండి. పక్కనే పదార్థం లేని మీడియం కూడా అంతే సేపు ఉండాలి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మీడియంతో పోల్చకూడదు.

96 గుంటల (వెల్) ప్లేటులో వెల్‌కు 10,000 ఎల్929 కణాలు (పరీక్షల్లో వాడే చిట్టెలుక కణాలు) వేసి, ఒక రోజు అంటుకోనిచ్చి, ఎక్స్‌ట్రాక్ట్ 100 మైక్రోలీటర్లు పోసి మరో 24 గంటలు ఉంచాలి. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ ఎక్స్‌ట్రాక్ట్‌లో కణాలు బతకాలి, లేటెక్స్ రబ్బరు ఎక్స్‌ట్రాక్ట్‌లో చావాలి. ఈ రెండూ లేని ప్లేటు అంకెలను నమ్మలేం. ఖాళీ మీడియంలో పెరిగిన కణాలతో పోల్చి 70 శాతం కంటే తగ్గితేనే విషప్రభావం అంటారు.

బిళ్ల మీదే కణాలు పెంచితే, ఎంటీటీ పోసే ముందు బిళ్లను కొత్త వెల్‌లోకి మార్చండి. లేకపోతే అడుగు ప్లాస్టిక్ మీద పెరిగిన కణాలూ లెక్కలోకి వస్తాయి. బతికున్న కణాలు ఎంటీటీ నుంచి తయారుచేసే ఊదా రంగు ఫార్మజాన్ బిళ్ల రంధ్రాల్లో ఇరుక్కుంటుంది కాబట్టి, దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ పోసి బాగా కదిపి, ద్రవాన్ని మాత్రమే వేరే ప్లేటులోకి తీసి 570 నానోమీటర్ల దగ్గర చదవండి. కణాలు లేని బిళ్లకూ ఇదే చేసి ఆ విలువను తీసేయాలి. తర్వాత ఎముక ఖనిజం చూడాలని కాల్షియానికి పట్టే ఎర్ర రంగు అలిజరిన్ రెడ్ వేస్తే ఇదే చిక్కు ఇంకా పెద్దది: మీ బిళ్లే కాల్షియం, కణాలు లేకపోయినా ఎర్రబడుతుంది. ఎముక కణాల ఎంజైమ్ అయిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను 7, 14 రోజులకు కొలవడం మేలు.

కణాలు విశాఖ నుంచి తెచ్చుకుంటుంటే ఫ్లాస్క్‌ను మెడ దాకా మీడియంతో నింపి, మూత బిగించి, పారాఫిల్మ్ చుట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టండి. ఐసు అక్కర్లేదు. మే నెలలో మాత్రం ఆ పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. వచ్చాక రాత్రంతా ఇంక్యుబేటర్‌లో కుదురుకున్నాకే ప్లేటు వేయండి.