నేరస్థుల పేరుతో పర్యటనలు: మా అబ్బాయిని ఆ దారిలో పంపవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి బీకాం పూర్తి చేశాడు. బ్యాంకు పరీక్షలకు చదవమంటే వినడం లేదు. ఎంబీఏ టూరిజం చేసి, వీరప్పన్ తిరిగిన అడవులకూ, శేషాచలంలో ఎర్రచందనం దొంగలు నడిచిన దారులకూ పర్యాటకులను తీసుకువెళ్తానంటున్నాడు. ఇది గౌరవమైన పనేనా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? రెండింటిలో ఏది మేలు?

జవాబు: నాకు వచ్చే ఉత్తరాలలో చదువుల పేర్లు మారుతుంటాయి గానీ, నలుగురిలో ఏమని చెప్పుకోవాలన్న దిగులు మాత్రం మారదు. ముందుగా ఆ దిగులు మానండి. కేంద్ర పర్యాటక శాఖ వారి పర్యాటక విద్యాసంస్థ ఐఐటీటీఎం ప్రాంగణం ఒకటి పక్కనున్న నెల్లూరులోనే ఉంది. ఏటా కోట్ల మంది యాత్రికులు వచ్చే ఊళ్లో కాపురముంటూ, పర్యాటకం బతుకుతెరువు కాదేమోనని సందేహించడం వింతగా ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు అబ్బాయికే తెలిసి ఉంటాయి.

నా సందేహమల్లా అతడు చూపించదలచిన వాటి గురించే. కొలంబియాలోని మెడెయిన్ నగరానికి, 1993లో హతుడైన మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ ఆనవాళ్లు చూడటానికి విదేశీయులు నేటికీ వస్తున్నారు. అది సహించలేక నగర పాలకులు అతడు నివసించిన మొనాకో భవనాన్ని 2019లో కూల్చివేసి, ఆ స్థలంలో మాదకద్రవ్యాల ముఠాల హింసకు బలైనవారి స్మారకంగా ఉద్యానవనం నిర్మించినా, ఆ పర్యటనలు ఆగలేదు.

వీరప్పన్ పుట్టిన గోపీనాథంలో కర్ణాటక ప్రభుత్వ సంస్థే అటవీ విడిదిని ఏర్పాటు చేసింది కనుక, అక్కడికి వెళ్లడమే తప్పని నేననను. అయితే ఆ ఊరి ప్రజల మధ్యే మెలగి, వారికి మారియమ్మ గుడి కట్టించిన అటవీ అధికారి పి. శ్రీనివాస్‌ను, లొంగిపోతానని నమ్మించి రప్పించి, 1991లో వీరప్పన్ హత్య చేశాడు. మీసాల గురించి గంటసేపు చెప్పి శ్రీనివాస్‌ను మరచిపోయే గైడుకు నేనైతే రూపాయి ఇవ్వను.

శేషాచలం సంగతి మరింత సున్నితమైనది. 2015 ఏప్రిల్ 7న అక్కడ పోలీసు కాల్పుల్లో మరణించిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవారు. అవి ఎదురుకాల్పులేనన్న కథనాన్ని పౌరహక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. ఎర్రచందనం దొంగ వ్యాపారంలో అసలు లాభం తినేవారు కొండ ఎక్కరు. దుంగలు మోసే కూలీలే ఎక్కుతారు. వారిని దొంగలుగా చూపించి టికెట్లు అమ్మితే, మరణించినవారి భార్యాబిడ్డలు ఏమనుకుంటారో అతణ్ణి ఆలోచించమనండి. పైగా అటవీశాఖ అనుమతి లేనిదే ఆ అడవిలో అడుగుపెట్టడం కూడా నేరమే.

కటువుగా అనిపించినా మీకూ ఒక మాట చెప్పాలి. గౌరవం గురించి, పెళ్లి సంబంధాల గురించి అడిగారు గానీ, అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవారి ప్రస్తావన మీ ఉత్తరంలో ఒక్కచోటా లేదు. పెద్దవారైన మీకే తట్టనిది ఆ పిల్లవాడికి తట్టలేదని తప్పుపట్టడం న్యాయం కాదు.

మీరడిగిన పోలికకు వస్తే, బ్యాంకులో స్థిరత్వం ఎక్కువ, టూరిజంలో తొలినాళ్ల జీతం తక్కువ. ఇష్టం లేని కోచింగులో కూర్చోబెడితే మాత్రం ఏళ్లు గడిచిపోతాయి. ఫీజు కట్టే ముందు, ఒక సెలవుల కాలం తిరుపతిలోనే ఏదైనా ట్రావెల్స్‌లో చేర్చి, చంద్రగిరి కోటకూ, గుడిమల్లానికీ వచ్చేవారికి కథ చెప్పనివ్వండి. ఆ తర్వాత కూడా గోపీనాథం మాటే అంటుంటే, అక్కడ తాను చెప్పబోయేదంతా రాసి పంపమనండి. శ్రీనివాస్ గురించి ఎంత రాశాడో ముందు చూసి, మిగిలిన సలహా అప్పుడు చెబుతాను.